ఉత్పాదక సంస్థలలో నాణ్యతా నిర్వహణ

నాణ్యతా నిర్వహణ అనగా ఒక సంస్థ తాను తయారుచేసే వస్తువు ప్రతిసారీ అనుకున్న విధంగానే తయారయ్యేటట్లు, కొనేవారి అవసరానికి సరిపోయేటట్లు తన పనులన్నింటినీ క్రమబద్ధంగా నడుపుకొనే పద్ధతి. తయారైన సరుకులో చెడిపోయినవాటిని ఏరివేసే తనిఖీ ఇందులో ఒక చిన్న భాగం మాత్రమే. వస్తువు రూపకల్పన, ముడిసరుకు కొనుగోలు, యంత్రాల సంరక్షణ, కార్మికుల శిక్షణ మొదలుకొని అమ్మకం తరువాతి మరమ్మతుల వరకు అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. సంస్థలోని ప్రతి విభాగమూ, ప్రతి ఉద్యోగీ ఇందులో పాలుపంచుకోవాలనే విధానాన్ని సంపూర్ణ నాణ్యతా నిర్వహణ లేదా టి.క్యు.ఎం. అంటారు.

నాణ్యత కోసం పెట్టే ఖర్చు లాభాన్ని తగ్గిస్తుందా, పెంచుతుందా అన్న ప్రశ్న 20వ శతాబ్దం రెండవ భాగంలో పరిశ్రమల వర్గాలలో విస్తృతంగా చర్చకు వచ్చింది. 1980ల నుండి జరిగిన పరిశోధనలను మొత్తంగా చూస్తే, ఈ పద్ధతులను కొన్నేళ్ళపాటు విడవకుండా ఆచరించిన కర్మాగారాలలో లోపాలు, ఖర్చులు తగ్గి వ్యాపార ఫలితాలు మెరుగుపడ్డాయని తెలుస్తుంది. ధ్రువపత్రం కోసమో, బహుమతి కోసమో పైపైన అమలు చేసినచోట ఆ ప్రయోజనం అంతగా కనబడలేదు. పైగా నాణ్యత ఒక్కటే సంస్థ భవితవ్యాన్ని నిర్ణయించదని చూపే ఉదాహరణలు కూడా ఉన్నాయి.

నిర్వచనాలు

వ్యవహారంలో నాణ్యమైనది అంటే మంచి సరుకు అని అర్థం. పరిశ్రమలో ఈ మాటకు కొలవడానికి వీలైన అర్థం అవసరమైంది. జోసెఫ్ జురాన్ దృష్టిలో వాడుకకు తగినట్లు ఉండటమే నాణ్యత. ఫిలిప్ క్రాస్బీ దృష్టిలో ముందుగా నిర్దేశించుకున్న లక్షణాలకు కట్టుబడి ఉండటం నాణ్యత. ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. డ్రాయింగులో చూపిన కొలతల ప్రకారమే తయారైన నీటిపంపు క్రాస్బీ లెక్కన నాణ్యమైనదే. కాని రైతు బావి లోతు నుండి అది నీళ్ళు ఎత్తలేకపోతే జురాన్ లెక్కన నాణ్యమైనది కాదు. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ గార్విన్ 1987లో నాణ్యతకు ఎనిమిది ముఖాలున్నాయని వివరించాడు. పనితీరు, మన్నిక, నమ్మకం, మరమ్మతుకు అనువుగా ఉండటం, చూపులకు ఇంపుగా ఉండటం వాటిలో కొన్ని. ఒక వస్తువు వీటన్నింటిలోనూ ముందుండనక్కరలేదని, ఏ ముఖంలో పోటీపడాలో సంస్థ ఎంచుకోవాలని అతని వాదన.

చరిత్ర

చేతివృత్తుల కాలంలో నాణ్యత పనివాని చేతిలోనే ఉండేది. చేసినవాడే దానిని పరీక్షించి అమ్మేవాడు. పెద్ద కర్మాగారాలు వచ్చిన తరువాత చేసేవాడు వేరు, పరీక్షించేవాడు వేరు అయ్యారు. ఫలితంగా లోపాన్ని కనుగొనడం తనిఖీదారు బాధ్యత అయిపోయి, లోపం రాకుండా చూడటం ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

ఈ పరిస్థితిని మార్చే ఆలోచన అమెరికాలో బెల్ టెలిఫోన్ సంస్థకు చెందిన వాల్టర్ షూహార్ట్ నుండి వచ్చింది. 1924 మే నెలలో అతడు తన పై అధికారికి ఒక చిన్న పత్రం పంపాడు. కంట్రోల్ చార్ట్ అని నేడు పిలిచే నియంత్రణ పటం మొదట అందులోనే కనిపించింది. ఏ యంత్రం మీద తయారైన ముక్కలైనా ఒకదానికొకటి కొద్దిపాటి తేడాతోనే ఉంటాయి. ఆ తేడాలలో ఎక్కువ భాగం ఆ ఏర్పాటులోనే ఇమిడి ఉన్న మామూలు తేడాలు. కొన్ని మాత్రం పనిముట్టు అరిగిపోవడం, ముడిసరుకు మారడం వంటి ప్రత్యేక కారణాల వల్ల వస్తాయి. ఈ రెండింటినీ వేరుచేసి చూపడమే పటం పని. మామూలు తేడాను చూసి కంగారుపడి యంత్రాన్ని మాటిమాటికీ సరిచేసే కార్మికుడు తేడాను తగ్గించకపోగా పెంచుతాడన్నది షూహార్ట్ పద్ధతి నేర్పిన ముఖ్యమైన పాఠం.

షూహార్ట్ ఆలోచనలను జపానుకు తీసుకువెళ్ళినవాడు గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్. యుద్ధంలో దెబ్బతిన్న జపానులో అప్పటికి తయారయ్యే వస్తువులకు నాసిరకం అన్న పేరుండేది. జపాను శాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘం ఆహ్వానంపై 1950లో డెమింగ్ అక్కడి ఇంజనీర్లకు, సంస్థల అధిపతులకు ఉపన్యాసాలిచ్చాడు. ఆ ఉపన్యాసాల పుస్తకంపై తనకు రావలసిన సొమ్మును అతడు సంఘానికే వదిలివేయగా, దానితో 1951లో డెమింగ్ బహుమతి ప్రారంభమైంది. 1954లో జురాన్ కూడా జపాను వెళ్ళి నాణ్యత అనేది యాజమాన్యం పని అని బోధించాడు. 1962లో కవోరు ఇషికావా ప్రోత్సాహంతో క్వాలిటీ సర్కిల్స్ అనే నాణ్యతా వలయాలు మొదలయ్యాయి. ఒకేచోట పనిచేసే కొద్దిమంది కార్మికులు క్రమంగా కలుసుకొని తమ పనిలోని సమస్యలను తామే విశ్లేషించి పరిష్కరించుకోవడం వీటి ఉద్దేశం.

డెమింగ్ స్వదేశంలో అతని పేరు చాలాకాలం సామాన్య ప్రజలకు తెలియదు. 1980 జూన్‌లో ఎన్.బి.సి. టెలివిజన్ జపాను చేయగలిగినది మనమెందుకు చేయలేమన్న ప్రశ్నతో ప్రసారం చేసిన కార్యక్రమం తరువాతనే, దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో, అమెరికా సంస్థలు ఆయనను వెతుక్కుంటూ వచ్చాయి. 1987లో అమెరికా ప్రభుత్వం మాల్కం బాల్డ్రిజ్ జాతీయ నాణ్యతా బహుమతిని చట్టం ద్వారా ఏర్పరచింది. అదే సంవత్సరం ఐ.ఎస్.ఓ. 9000 ప్రమాణాలు వెలువడ్డాయి. ఇవి 1994, 2000, 2008, 2015 సంవత్సరాలలో సవరించబడ్డాయి. దాదాపు ఇదే కాలంలో మోటరోలా సంస్థ సిక్స్ సిగ్మా విధానాన్ని ప్రవేశపెట్టింది. లోపానికి అవకాశమున్న ప్రతి పది లక్షల సందర్భాలలో 3.4 కంటే ఎక్కువ లోపాలు ఉండరాదన్నది దాని లక్ష్యం.

ముఖ్యమైన ఆచరణలు

పరిశోధకులు నాణ్యతా ఆచరణలను సాధారణంగా రెండు రకాలుగా చూస్తారు. నియంత్రణ పటాలు, చేపముల్లు ఆకారంలో గీసే ఇషికావా కారణాల పటం, ప్రయోగాల రూపకల్పన, యంత్రాలను చెడిపోకముందే బాగుచేయడం, సరఫరాదారులను మదింపు చేయడం వంటివి సాంకేతికమైనవి. పై స్థాయి నాయకత్వం చూపే పట్టుదల, కార్మికులకిచ్చే శిక్షణ, అధికారం, విభాగాల మధ్య సహకారం, కొనుగోలుదారుని మాట వినడం వంటివి మానవ సంబంధమైనవి. మొదటి రకాన్ని ఏ సంస్థ అయినా పుస్తకం చూసి నేర్చుకోవచ్చు, సలహాదారును పెట్టుకొని కొనుక్కోవచ్చు. రెండవ రకం అంత సులభంగా చేతికి రాదు.

రెండింటి కలయికకు టయోటా కర్మాగారాలలోని ఆండన్ తాడు తరచుగా చెప్పే ఉదాహరణ. కూర్పు వరుసలో పనిచేసే ఏ కార్మికుడైనా తన పనిలో తేడా గమనించిన వెంటనే తాడు లాగవచ్చు. పర్యవేక్షకుడు వచ్చి సాయం చేస్తాడు, సమస్య తీరకపోతే వరుస మొత్తం ఆగుతుంది. తాడు కట్టడానికి అయ్యే ఖర్చు స్వల్పం. దానిని లాగిన కార్మికుణ్ణి మందలించకుండా మెచ్చుకునే అలవాటును ఏర్పరచడం మాత్రం ఏళ్ళు పట్టే పని. కర్మాగారంలో ఎదురయ్యే సమస్యలలో 94 శాతం ఏర్పాటు వల్ల వచ్చేవేనని, ఆ ఏర్పాటుకు బాధ్యత యాజమాన్యానిదేనని డెమింగ్ అంచనా వేశాడు. జాగ్రత్తగా పనిచేయండి అంటూ గోడలపై నినాదాలు రాయడాన్ని ఆయన తీవ్రంగా వ్యతిరేకించింది ఇందుకే.

నాణ్యతకు, లాభానికి గల సంబంధం

నాణ్యత రెండు దారులలో లాభాన్ని ప్రభావితం చేస్తుంది. మొదటిది ఖర్చుల దారి. తుక్కుగా పోయే సరుకు, మళ్ళీ చేయవలసిన పని, తనిఖీదారుల జీతాలు, వారంటీ కింద ఉచితంగా చేసే మరమ్మతులు తగ్గుతాయి. రెండవది మార్కెటు దారి. మంచి పేరున్న సరుకు ఎక్కువగా అమ్ముడవుతుంది, లేదా కొంచెం ఎక్కువ ధర పలుకుతుంది. అమెరికాకు చెందిన ఆర్మాండ్ ఫీగెన్‌బామ్ మొదటి దారిని లెక్కగట్టడానికి నాణ్యతా వ్యయాలను నివారణ, పరీక్ష, వైఫల్యం అని మూడుగా విభజించాడు. నివారణపై పెట్టే ఒక రూపాయి వైఫల్యంపై పోయే అనేక రూపాయలను మిగులుస్తుందన్నది ఈ విభజన వెనుక ఉన్న ఆలోచన.

దీనిని ఒక ఊహాజనితమైన లెక్కతో అర్థం చేసుకోవచ్చు. ఒక కర్మాగారం అమ్మే ప్రతి 100 రూపాయల సరుకు మీద లాభం 5 రూపాయలు, తుక్కు, మళ్ళీ చేసే పనుల వల్ల నష్టం 8 రూపాయలు అనుకుందాం. ఈ నష్టాన్ని సగానికి తగ్గిస్తే లాభం 9 రూపాయలు అవుతుంది, అంటే 80 శాతం పెరుగుతుంది. ఖర్చులన్నీ అమ్మకాలతోపాటే పెరుగుతాయనుకుంటే, నాణ్యతను ముట్టుకోకుండా ఇంతే లాభం రావడానికి అమ్మకాలను 80 శాతం పెంచవలసి ఉంటుంది. చాలా సంస్థల లెక్కల పుస్తకాలలో ఈ 8 రూపాయలు ఒకచోట కనబడవు. ముడిసరుకు, కూలి, రవాణా ఖర్చులలో కలిసిపోయి ఉంటాయి. కనబడని నష్టాన్ని తగ్గించాలని ఎవరికీ తోచదు.

పని దశలు పెరిగే కొద్దీ చిన్న లోపాలు కూడా పెద్దవవుతాయి. ప్రతి దశలోనూ 99 శాతం ముక్కలు బాగుంటే 10 దశలు దాటేసరికి మొదటిసారే సరిగా వచ్చేవి సుమారు 90 శాతం, 20 దశలు దాటేసరికి సుమారు 82 శాతం మాత్రమే. నూటికి తొంభైతొమ్మిది మార్కులు విద్యార్థికి గొప్పవే కాని, గేరుబాక్సు తయారుచేసే కర్మాగారానికి చాలవు.

1983లో గార్విన్ ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో పరిశ్రమ కళ్ళు తెరిపించిన వాటిలో ఒకటి. అమెరికా, జపానులలో గది ఎయిర్ కండిషనర్లు తయారుచేసే సంస్థలను అతడు పోల్చాడు. రెండు దేశాలలోనూ ఒకేరకం యంత్రాలు, ఒకేరకం కూర్పు పద్ధతులు ఉన్నా, కూర్పు వరుసలో లోపాలు అమెరికా సంస్థలలో జపాను సంస్థలకంటే సుమారు 70 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. అన్నింటికంటే నాసి ఉత్పత్తిదారు సరుకు విఫలమయ్యే రేటు అన్నింటికంటే మేలైన ఉత్పత్తిదారు సరుకు రేటుకు 500 నుండి 1,000 రెట్లు ఉన్నట్లు తేలింది.

ఫోర్డ్ గేరుబాక్సుల ఉదంతం

1980లలో ఫోర్డ్ సంస్థ అమెరికాలో అమ్మే ఒక కారుకు కావలసిన గేరుబాక్సులను కొన్నింటిని తానే తయారుచేసుకొని, కొన్నింటిని జపానుకు చెందిన మాజ్దా చేత చేయించింది. రెండింటికీ నిర్దేశాలు ఒకటే. అయినా ఫోర్డ్ చేసినవాటిపై శబ్దం గురించి ఫిర్యాదులు, వారంటీ ఖర్చులు ఎక్కువగా వచ్చాయి. రెండు రకాలనూ విప్పి కొలిచి చూసినప్పుడు ఫోర్డ్ ముక్కలన్నీ అనుమతించిన హద్దుల లోపలే ఉన్నాయి. అంటే పాత నిర్వచనం ప్రకారం వాటిలో లోపమే లేదు. మాజ్దా ముక్కలు మాత్రం హద్దుల వరకు వ్యాపించకుండా కోరిన కొలతకు అతి దగ్గరగా గుమిగూడి ఉన్నాయి.

జపాను ఇంజనీరు గెనిచి తగుచి ప్రతిపాదించిన నష్ట సూత్రానికి ఈ ఉదంతం చక్కని నిదర్శనం. హద్దు దాటిన తరువాతనే నష్టం మొదలవుతుందన్నది అంతకు ముందరి అభిప్రాయం. కోరిన కొలత నుండి తప్పుకున్న ప్రతి అడుగులోనూ నష్టం ఉంటుందని, దూరం పెరిగేకొద్దీ అది వర్గప్రమాణంలో పెరుగుతుందని తగుచి వాదించాడు. హద్దుకు కాస్త ఇటు ఉన్న ముక్కకు, కాస్త అటు ఉన్న ముక్కకు నిజానికి పెద్ద తేడా లేదు. అయినా ఒకదానిని కారులో బిగించి మరొకదానిని తుక్కులో పడవేయడం అలవాటైపోయింది.

ఫ్రీమాంట్ కర్మాగారం

ఆచరణలకు, యంత్రాలకు మధ్య ఏది ముఖ్యమన్న ప్రశ్నకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారం చరిత్ర అరుదైన సమాధానమిస్తుంది. జనరల్ మోటార్స్ ఆధీనంలో ఉన్న ఈ కార్ల కర్మాగారం గైరుహాజరీకి, సమ్మెలకు, నాసిరకపు పనికి పేరుమోసి 1982లో మూతపడింది. 1984లో జనరల్ మోటార్స్, టయోటా కలిసి న్యుమి అనే ఉమ్మడి సంస్థగా దానిని తిరిగి తెరిచాయి. నిర్వహణ టయోటాది. పనివారిలో అత్యధికులు పాత కార్మికులే, కార్మిక సంఘమూ పాతదే. కొందరిని జపాను పంపి శిక్షణ ఇప్పించారు, తాడు లాగే హక్కు ఇచ్చారు, పనిని కార్మికులే విశ్లేషించి మెరుగుపరచుకొనే ఏర్పాటు చేశారు.

కొద్ది సంవత్సరాలలోనే మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు దీనిని మరో రెండు కర్మాగారాలతో పోల్చారు. ఫ్రామింగ్‌హామ్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో ఒక కారు కూర్పుకు 31 గంటల శ్రమ పట్టగా, జపానులో టయోటా వారి తకఓకా కర్మాగారంలో 16 గంటలు, ఫ్రీమాంట్‌లో 19 గంటలు పట్టింది. ప్రతి 100 కార్లకు కూర్పు లోపాలు ఫ్రామింగ్‌హామ్‌లో 130 కాగా, తకఓకాలోనూ, ఫ్రీమాంట్‌లోనూ 45 చొప్పున ఉన్నాయి. విడిభాగాల నిల్వ ఫ్రామింగ్‌హామ్‌లో రెండు వారాలకు సరిపడా ఉండేది, ఫ్రీమాంట్‌లో రెండు రోజులకు, తకఓకాలో రెండు గంటలకు సరిపడా ఉండేది. నాణ్యత పెరగాలంటే శ్రమ, ఖర్చు పెరగాలన్న నమ్మకం ఈ అంకెల ముందు నిలవలేదు. తక్కువ లోపాలున్న చోటనే శ్రమ కూడా తక్కువగా ఉంది.

తన కళ్ళ ముందే ఉన్న ఈ అనుభవాన్ని జనరల్ మోటార్స్ తన ఇతర కర్మాగారాలకు వ్యాపింపజేయడంలో చాలాకాలం విఫలమైంది. అదే దశాబ్దంలో ఆ సంస్థ రోబోట్లపై భారీగా వెచ్చించింది. 2009లో జనరల్ మోటార్స్ దివాళా ప్రక్రియలోకి వెళ్ళి ఉమ్మడి సంస్థ నుండి తప్పుకోగా, 2010 ఏప్రిల్‌లో న్యుమి మూతపడింది. తరువాత ఆ ఆవరణను టెస్లా సంస్థ కొనుగోలు చేసింది. చక్కగా నడుస్తున్న ఒక కర్మాగారం మాతృసంస్థ ఆర్థిక పతనం నుండి తనను తాను కాపాడుకోలేకపోయింది.

పరిశోధనల నిర్ధారణలు

ఇటువంటి ఉదంతాలు ఎన్ని ఉన్నా, వాటికి వ్యతిరేకమైన ఉదంతాలూ దొరుకుతాయి కనుక పరిశోధకులు పెద్ద సంఖ్యలో సంస్థలను పరిశీలించడం మొదలుపెట్టారు. 1989లో సరాఫ్, బెన్సన్, ష్రోడర్‌లు నాణ్యతా నిర్వహణకు కీలకమైన ఎనిమిది అంశాలను గుర్తించి, వాటిని కొలిచే ప్రశ్నావళిని రూపొందించారు. తరువాతి అధ్యయనాలలో అనేకం ఈ దారిలోనే నడిచాయి.

థామస్ పావెల్ 1995లో ప్రచురించిన అధ్యయనం ఎక్కువగా చర్చకు వచ్చింది. ఇతరులతో పోల్చుకోవడం, ప్రక్రియలను మెరుగుపరచడం, కొలమానాలు ఏర్పరచడం వంటి బయటికి కనిపించే పద్ధతులు వాటంతట అవే పోటీలో ఆధిక్యాన్ని ఇవ్వడం లేదని, దాపరికం లేని వాతావరణం, ఉద్యోగులకు అధికారం, పై అధికారుల నిబద్ధత వంటివే ఇస్తున్నాయని అతడు తేల్చాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వెయ్యికి పైగా ఉత్పాదక సంస్థలను పరిశీలించి శామ్‌సన్, టెర్జియోవ్‌స్కీలు 1999లో చేసిన ప్రకటన కూడా ఇదే దిశలో ఉంది. వారి లెక్కలో ఫలితాలతో బలమైన సంబంధం ఉన్నవి నాయకత్వం, మానవ వనరుల నిర్వహణ, కొనుగోలుదారునిపై దృష్టి.

ప్రశ్నావళి అధ్యయనాలకు ఒక బలహీనత ఉంది. తమ సంస్థలో నాణ్యత ఎలా ఉందో, లాభాలు ఎలా ఉన్నాయో రెండింటికీ జవాబిచ్చేది సాధారణంగా ఒకే మేనేజరు. సంస్థ బాగా నడుస్తున్నవాడు రెండింటికీ మంచి మార్కులే వేసుకుంటాడు. ఈ చిక్కును తప్పించడానికి కెవిన్ హెండ్రిక్స్, వినోద్ సింఘాల్‌లు ప్రచురిత ఆర్థిక లెక్కలను ఆధారంగా తీసుకున్నారు. నాణ్యతా బహుమతులు పొందిన వందలాది అమెరికా సంస్థలను, అదే పరిశ్రమలో అదే పరిమాణం గల ఇతర సంస్థలతో పోల్చారు. 1997లో ప్రచురించిన వ్యాసంలో బహుమతి పొందిన సంస్థల నిర్వహణ లాభం మిగతావాటికంటే ఎక్కువగా పెరిగిందని చూపారు. 2001లో షేరు ధరలపై ప్రచురించిన మరో వ్యాసం ఇంకా ఆసక్తికరమైనది. పద్ధతులను అమలుచేస్తున్న తొలి సంవత్సరాలలో ఈ సంస్థల షేర్లకు, ఇతర షేర్లకు చెప్పుకోదగ్గ తేడా లేదు. అమలు పూర్తయిన తరువాతి సంవత్సరాలలో మాత్రం ఇవి పోల్చిన సంస్థలకంటే 38 నుండి 46 శాతం వరకు ఎక్కువ ప్రతిఫలమిచ్చాయి. మొదటి రెండేళ్ళ లెక్కలు చూసి కార్యక్రమాన్ని ఆపివేసే యాజమాన్యం ఖర్చును భరించి ఫలితాన్ని వదులుకుంటుందని దీని అర్థం. చిన్న సంస్థలు పెద్దవాటికంటే ఎక్కువ లాభపడ్డాయని కూడా వీరి పరిశోధనలో తేలింది.

ఐ.ఎస్.ఓ. 9001 విషయంలో ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. కాలిఫోర్నియాలోని సుమారు వెయ్యి సంస్థలపై లెవైన్, టోఫెల్‌లు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ధ్రువపత్రం పొందినవి ఎక్కువకాలం నిలిచాయని, వాటి అమ్మకాలు, ఉద్యోగాలు, జీతాలు త్వరగా పెరిగాయని కనుగొన్నారు. అయితే ధ్రువపత్రం వల్ల సంస్థ బాగుపడిందా, బాగున్న సంస్థలే ధ్రువపత్రం తీసుకుంటున్నాయా అన్నది పూర్తిగా తేలే ప్రశ్న కాదు.

భారతదేశంలో

భారతదేశంలో ఈ శాస్త్రం జపానుకంటే ఆలస్యంగా ఏమీ ప్రవేశించలేదు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై షూహార్ట్ 1947-48లోనే ఇక్కడికి వచ్చి పరిశ్రమలను సందర్శించాడు. తరువాత భారతీయ గణాంక సంస్థ పలు నగరాలలో గణాంక నాణ్యతా నియంత్రణ విభాగాలను నెలకొల్పింది. అదే సంస్థలో పనిచేసిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణ రావు 1940లలో ఆర్థోగోనల్ అర్రేలు అనే గణిత అమరికలను రూపొందించారు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా వెళ్ళారు. అనేక అంశాల ప్రభావాన్ని తక్కువ ప్రయోగాలతో తెలుసుకోవడానికి ఈ అమరికలు తోడ్పడతాయి. 1954-55లో తగుచి ఈ సంస్థకు సందర్శక ఆచార్యునిగా వచ్చి రావును కలుసుకున్నాడు. తగుచి పద్ధతులుగా ప్రపంచ పరిశ్రమలన్నీ వాడుకున్న ప్రయోగ విధానాలకు పునాది ఈ అమరికలే. రావు 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి పొంది, అదే సంవత్సరం ఆగస్టులో మరణించారు.

శాస్త్రం ముందే వచ్చినా పరిశ్రమలు దానిని పట్టించుకోవడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. లైసెన్సుల కాలంలో స్కూటరు కోసం జనం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. ఏది తయారుచేసినా అమ్ముడయ్యే చోట నాణ్యతకు వ్యాపార కారణం లేకపోయింది. ఆ రోజులలో కూడా కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 1980లో హైదరాబాదు సమీపంలోని రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంలో ఎస్.ఆర్. ఉడ్ప చొరవతో దేశంలో తొలి నాణ్యతా వలయాలు ప్రారంభమయ్యాయి. 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్నది.

1983 డిసెంబరులో మారుతి కారు రావడంతో విడిభాగాల తయారీదారులు సుజుకి ప్రమాణాలను అందుకోవలసి వచ్చింది. 1991 సంస్కరణల తరువాత విదేశీ కార్ల సంస్థలు రావడంతో పోటీ మరింత పెరిగింది. చెన్నైకి చెందిన టి.వి.ఎస్. కుటుంబ సంస్థలు జపాను ఆచార్యుల సలహాతో ఏళ్ళ తరబడి కృషిచేశాయి. వాటిలో సుందరం-క్లేటన్ 1998లో డెమింగ్ బహుమతి పొంది, ఆ గౌరవం అందుకున్న తొలి భారతీయ సంస్థ అయింది. టి.వి.ఎస్. మోటార్ 2002లో, మహీంద్రా ట్రాక్టర్ల విభాగం 2003లో, టాటా స్టీల్ 2008లో ఈ బహుమతి పొందాయి. తుది తనిఖీలో కాక తయారీలోనే నాణ్యత ఉండాలని ఈ సంస్థలు గ్రహించిన తీరు ఆసక్తికరమైనది. వీటిలో కొన్ని నేరుగా ప్రజలకు అమ్మేవి కావు, వాహన తయారీదారులకు విడిభాగాలు అమ్మేవి. కొనేవాడు ఇంజనీరు అయినచోట నాసి సరుకు దాగదు.

తెలుగు ప్రాంతాలలో నాణ్యతా నిర్వహణ వ్యాపారాన్ని నేరుగా శాసించే పరిశ్రమ ఔషధాలది. 1960లలో హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. స్థాపనతో మొదలైన ఈ పరిశ్రమ తరువాత అమెరికా ఎగుమతులపై ఎక్కువగా ఆధారపడింది. అక్కడి ఆహార, ఔషధ యంత్రాంగం తనిఖీదారులు ఇక్కడి కర్మాగారాలకు వచ్చి మాత్రలతోపాటు రికార్డులను కూడా పరిశీలిస్తారు. ఒక పరీక్ష ఫలితాన్ని చెరిపివేసినట్లో, పని జరిగిన తరువాత తీరికగా నమోదు చేసినట్లో తేలితే మందు బాగున్నా కర్మాగారం దోషి అవుతుంది. దిగుమతి నిషేధం విధిస్తే ఆ కర్మాగారం నుండి అమెరికా అమ్మకాలు ఆగిపోతాయి. దేశంలోని ఔషధ తయారీ నియమాలైన షెడ్యూలు ఎం.ను కేంద్రప్రభుత్వం 2023 డిసెంబరు చివరలో సవరించి కఠినతరం చేసింది.

విమర్శలు, పరిమితులు

నాణ్యతా ధ్రువపత్రం సంస్థ రాసుకున్న పద్ధతులను పాటిస్తున్నదని మాత్రమే చెబుతుంది. ఆ సరుకు మేలైనదని చెప్పదు. ఆడిటరు వచ్చే వారం రోజుల ముందు రిజిస్టర్లన్నీ ఒకే కలంతో నింపే అలవాటు పరిశ్రమలలో అందరికీ తెలిసిన రహస్యం. చిన్న సంస్థలకు ఈ కాగితపు పని భారం మరింత ఎక్కువ.

నాణ్యతకు మారుపేరుగా నిలిచిన జపానులోనే తీవ్రమైన వైఫల్యాలు బయటపడ్డాయి. ఎయిర్ బ్యాగులు తయారుచేసే టకాటా సంస్థ పరీక్షా ఫలితాలను తారుమారు చేసినట్లు 2017లో అమెరికాలో నేరం అంగీకరించి 100 కోట్ల డాలర్ల చెల్లింపులకు ఒప్పుకుంది. అదే సంవత్సరం దివాళా తీసింది. కోబే స్టీల్ సంస్థ తన లోహాల తనిఖీ అంకెలను మార్చి కొనుగోలుదారులకు పంపినట్లు అదే ఏడాది అక్టోబరులో వెల్లడించింది. ఈ సంస్థలలో పద్ధతులు లేక కాదు, గడువు, ఖర్చుల ఒత్తిడి వచ్చినప్పుడు చెడు వార్తను పైకి చెప్పే వీలు లేక ఇవి జరిగాయని విశ్లేషకులు భావించారు.

నాణ్యత ఉన్నా వ్యాపారం నష్టపోయే సందర్భానికి విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ఉదాహరణగా చెప్పవచ్చు. నాణ్యత, పర్యావరణం, వృత్తి భద్రత మూడింటిలోనూ అంతర్జాతీయ ప్రమాణాల ధ్రువపత్రాలు పొందిన సంస్థ ఇది. కాని సొంత ఇనుప గనులు లేకపోవడం వల్ల ముడిఖనిజాన్ని మార్కెటు ధరకు కొనవలసి రావడం, అప్పులు, వడ్డీల భారం దీనిని నష్టాలలోకి నెట్టాయి. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వం ఇందులోని వాటాలను పూర్తిగా ఉపసంహరించుకోవాలని నిర్ణయించగా కార్మికులు సుదీర్ఘ ఆందోళన చేశారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయాన్ని ప్రకటించింది. కడ్డీల నాణ్యతను గురించి ఈ వివాదంలో ఏ పక్షమూ ప్రధానమైన ఫిర్యాదు చేయలేదు.

మరొక విమర్శ నూతన ఆవిష్కరణలకు సంబంధించినది. ఫొటోగ్రఫీ, రంగుల పరిశ్రమలలో పేటెంట్లను పరిశీలించి మేరీ బెన్నర్, మైకేల్ టష్‌మన్‌లు 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రక్రియల నిర్వహణను గట్టిగా పట్టుకున్న సంస్థలు ఉన్న పరిజ్ఞానానికి మెరుగులు దిద్దడంలో ముందుకు వెళ్ళాయి. పూర్తిగా కొత్త దారులు వెతకడంలో వాటి వాటా తగ్గింది. ఫిల్ము మీది లోపాలను ఎంత తగ్గించినా, ఫిల్మే అవసరం లేని కెమెరా వచ్చినప్పుడు ఆ నైపుణ్యం వల్ల ఆ సంస్థలకు ఒరిగింది తక్కువ.